చక్రం కింద సముద్రం

నరసరావుపేట నుంచి మాచర్లకు బస్సులో పోయేవారికి పల్నాడంతా ఒకటే మైదానంగా కనిపిస్తుంది. మిరప చేలు, పత్తి చేలు, సున్నం బట్టీలు, నాపరాళ్ళ దొంతులు, అక్కడక్కడా ఒక కొండ. అదే దారిన సైకిల్ తొక్కేవారికి ఆ మైదానం ఒకే తీరుగా ఉండదు. ఒకచోట పెడళ్ళు తేలిగ్గా తిరుగుతాయి, ఇంకోచోట కారణం కనపడకుండానే కాళ్ళు బరువెక్కుతాయి. ఒక ఊరు దాటాక మట్టి నల్లబడుతుంది. మరో ఊరి పొలిమేరలో మట్టి పలచబడి, రాయి పలకలు పలకలుగా పైకి తేలుతుంది. ఈ తేడాలకు మూలం నేల అడుగున ఉంది. వాలు, వాగు, మట్టి, పంట, చివరకు మనం నడిచే రోడ్డు కూడా కింద ఉన్న రాయిని బట్టే ఏర్పడ్డాయి. ఆ రాయి కథ చదవడానికి సైకిల్ మంచి సాధనం. ఎందుకంటే నేలలోని ప్రతి మార్పుకూ సైకిల్ తొక్కేవారు తమ ఒంట్లోని శక్తితో లెక్క చెల్లించాలి.

ఈ అధ్యాయంలో మన దారి నరసరావుపేట, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ దాకా. అక్కడినుంచి నీళ్ళ వెంట తూర్పుకు మళ్ళి సముద్రం దాకా పోదాం.

కంటికి ఆనని వాలు

కదిలే సైకిల్‌ను మూడు బలాలు వెనక్కి పట్టుకుంటాయి. టైరు నేలను నొక్కి నలిగేటప్పుడు పుట్టేది ఒకటి. గాలిని చీల్చుకుపోయేటప్పుడు ఎదురయ్యేది రెండోది. మెరక ఎక్కేటప్పుడు భూమి వెనక్కి లాగేది మూడోది. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలు అనుకుందాం. గాలి కదలని ఉదయం, మంచి తారురోడ్డు మీద, నిటారుగా కూర్చుని గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టైర్ల వల్ల సుమారు 7 న్యూటన్లు, గాలి వల్ల 8, 9 న్యూటన్ల నిరోధం ఉంటుంది. రెండింటినీ గెలవడానికి కాళ్ళు అందించాల్సింది 75 వాట్లకు కొంచెం పైన. పాతరకం సీలింగ్ ఫ్యాను వాడే కరెంటు కూడా దాదాపు అంతే.

ఇప్పుడు రోడ్డు వంద మీటర్లకు ఒక్క మీటరు పైకి లేచిందనుకోండి. దీన్నే ఒక శాతం వాలు అంటారు. కంటికి రోడ్డు చదునుగానే ఉంటుంది. కానీ భూమి వెనక్కి లాగే బలం మరో 8 న్యూటన్లు వచ్చి చేరుతుంది. అంటే గాలి నిరోధం రెట్టింపైనంత పని. కన్ను పట్టుకోలేని ఈ మార్పును కాలు తక్షణం పట్టుకుంటుంది.

ఈ మాటను ఎవరైనా పరీక్షించవచ్చు. గాలి లేని వేళ ఒక మైలురాయి దగ్గరికి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వచ్చి, తొక్కడం ఆపి, కదలకుండా కూర్చోండి. సైకిల్ ఆగేలోపు ఎంత దూరం పోయిందో కొలవండి. చక్రం స్పోకుకు ఒక గుడ్డపీలిక కట్టి చుట్లు లెక్కపెడితే చాలు. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు పోతుంది. పైన చెప్పిన బరువుకు, చదును నేల మీద సైకిల్ సుమారు 100 మీటర్లు దొర్లుతుంది. అరశాతం మెరకలో 70 మీటర్లకే ఆగిపోతుంది. అరశాతం పల్లంలో 180 మీటర్ల దాకా పోతుంది. ఒకే మైలురాయి దగ్గర ఆ వైపునుంచి ఒకసారి, ఈ వైపునుంచి ఒకసారి చేసి చూస్తే నేల ఎటు వాలుతోందో తేలిపోతుంది. వాననీరు ఎటు పారుతుందో, పాతకాలం వాళ్ళు చెరువుకట్ట ఎక్కడ వేశారో, ఆ కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

మిగిలిపోయిన కొండ

నరసరావుపేట పరిసరాల్లో నేల అడుగున ఉన్నవి అతి పురాతనమైన స్ఫటిక శిలలు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై గట్టిపడ్డాయి. వాటిని కప్పి ఉంచిన మందపాటి పొరలు కోట్ల ఏళ్ళ ఎండావానలకు అరిగి కొట్టుకుపోయాక బయటపడ్డాయి. పగుళ్ళు ఎక్కువున్న చోట నీరు లోపలికి దిగి రాయిని మట్టి చేసింది. పగుళ్ళు తక్కువున్న దిట్టమైన భాగం నిలిచిపోయింది. కోటప్పకొండ అలా నిలిచిన కొండ. చుట్టూ నేల దిగిపోగా అది మిగిలింది.

అందుకే ఈ కొండకు ముందు మెల్లగా పెరిగే మెరక ఉండదు. పాదం దాకా బల్లపరుపు, ఆ మీదట ఒక్కసారిగా ఎత్తు. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెచ్చే ప్రభలకు ఈ బల్లపరుపు నేల ఎంతో అవసరం. పదుల అడుగుల ఎత్తున నిలబెట్టిన ప్రభకు గురుత్వ కేంద్రం చాలా పైన ఉంటుంది. బండి కొద్దిగా ఒరిగినా ఆ కేంద్రం చక్రాల హద్దు దాటి బయటికి పోవచ్చు. తాళ్ళు పట్టి ప్రభను అదుపు చేసే మనుషుల నేర్పుకు నేల చదును తోడవుతుంది.

కొండపైకి ఘాట్ రోడ్డు ఉంది. మెట్లదారి పొట్టిది, నిటారుగా ఉంటుంది. ఘాట్ రోడ్డు పొడవైనది, మెలికలు తిరుగుతుంది. ఏ దారిన పోయినా ఎక్కే ఎత్తు అంతే కాబట్టి భూమికి వ్యతిరేకంగా చేసే పని అంతే. 85 కిలోలను 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావాల్సింది 83 కిలోజౌళ్ళు. మన కండరాలు తిన్న ఆహారంలో నాలుగో వంతునే చలనంగా మార్చగలవు, మిగతాది వేడిగా పోతుంది. ఆ లెక్కన 100 మీటర్ల ఎత్తుకు 80 కిలోకేలరీల ఆహారం ఖర్చవుతుంది. ఒక అరటిపండుతో ఆ ఖర్చు తీరుతుంది.

మరి అరటిపండుతో తీరే పనికి మనిషి ఎందుకు దిగి సైకిల్ నెట్టుకుపోతాడు? ఇక్కడ చిక్కు శక్తితో కాదు, బలంతో. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న మామూలు సైకిల్, పెడల్ ఒక చుట్టు తిరిగితే 5.4 మీటర్లు ముందుకు పోతుంది. చదును రోడ్డు మీద అందుకు పెడల్‌పై సగటున 8 కిలోల బరువు మోపితే చాలు. అయిదు శాతం మెరకలో అదే పెడల్‌పై సగటున 25 కిలోలు మోపాలి. కాలు కిందికి నొక్కే నడిమి క్షణంలో అది 40 కిలోల దాకా పోతుంది. ప్రతి చుట్టులోనూ అంత బలం పెట్టడం ఎక్కువమందికి కొద్ది నిమిషాలకు మించి సాధ్యం కాదు. గేర్ల సైకిల్‌లో ముందూ వెనకా పళ్ళు సమానం చేసుకుంటే ఒక చుట్టుకు 2.2 మీటర్లే ముందుకు పోతాం. అప్పుడు 10 కిలోల బలంతో అదే మెరక ఎక్కవచ్చు. చుట్లు ఎక్కువ, చుట్టుకు శ్రమ తక్కువ. ఘాట్ రోడ్డు మెలికలు చేసే పనీ ఇదే. దూరం పెంచి, అడుగడుగుకూ పెట్టాల్సిన బలాన్ని తగ్గిస్తాయి.

దిగేటప్పుడు ఆ 83 కిలోజౌళ్ళూ తిరిగి వస్తాయి. బ్రేకులు వేసుకుంటూ నెమ్మదిగా దిగితే అందులో ఎక్కువ భాగం రిమ్ములకు వేడిగా చేరుతుంది. రెండూ కలిపి కిలోన్నర బరువున్న ఉక్కు రిమ్ములు ఆ వేడినంతా తమలోనే ఉంచుకుంటే ఉష్ణోగ్రత 110 డిగ్రీలు పెరగాలి. తగిలే గాలి చల్లబరచడం వల్లే అంత దూరం పోదు. ఘాట్‌లో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచకుండా, నొక్కుతూ వదులుతూ రావడం, మధ్యలో ఆగడం మంచిదనేది అందుకే.

నల్లరేగడి మీద రోడ్డు

నరసరావుపేట దాటి పిడుగురాళ్ళ వైపు పోయే అద్దంకి–నార్కట్‌పల్లి రహదారికి అటూ ఇటూ నల్లరేగడి పొలాలు పరుచుకుని ఉంటాయి. పత్తికీ మిరపకూ ఈ నేల పెట్టింది పేరు. దీనిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. దాని రేణువులు అతి పలుచని పొరల కట్టలు. వాన కురిస్తే పొరల మధ్యకు నీరు చేరి మట్టి ఉబ్బుతుంది. ఎండకు నీరు పోయి మట్టి కుంచించుకుపోయి, చెయ్యి దూరేంత నెర్రెలు పడుతుంది. ఇలా ఏటా ఉబ్బి కుంగే నేల మీద రోడ్డు వేస్తే అది అలలు అలలుగా మారుతుంది. అంచులు ముందు విరుగుతాయి, ఎందుకంటే తేమ పక్కల నుంచే లోపలికి పోతుంది. రేగడి నేలలో రోడ్డు వేసేటప్పుడు ముందు సున్నం కలిపో, గ్రావెల్ పోసో అడుగు గట్టిచేయడం ఇంజనీర్ల పద్ధతి. సున్నంలోని కాల్షియం ఆ పొరలను దగ్గరకు పట్టి ఉంచుతుంది, ఉబ్బే గుణం తగ్గుతుంది.

తడిసిన రేగడి బాటలో సైకిల్ దిగితే జరిగేది ఊళ్ళవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డులో కూరుకుపోయి, చక్రం తిరగదు. బంకమట్టి నీటిని పట్టుకున్నంత గట్టిగానే రబ్బరునూ పట్టుకుంటుంది. సైకిల్‌ను భుజాన వేసుకోవడం తప్ప దారి లేదు. కానీ ఈ బంకతనమే వాననీటిని నెలల తరబడి దాచి, వానలు వెళ్ళిపోయాక కూడా పత్తి మొక్కకు అందిస్తుంది. రోడ్డును విరిచే గుణమూ పంటను నిలిపే గుణమూ ఒక్కటే.

గవ్వలు లేని సముద్రం

పిడుగురాళ్ళ చేరేసరికి రోడ్డు పక్క ఆకుల మీద తెల్లని దుమ్ము కనిపిస్తుంది. సున్నం బట్టీల ఊరు ఇది. ఇక్కడినుంచి గురజాల, మాచర్ల వైపు పోయేకొద్దీ స్ఫటిక శిలలు వెనకబడి, పొరలు పొరలుగా ఉండే రాళ్ళు మొదలవుతాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని కడప బేసిన్‌లో భాగమైన పల్నాడు ఉపబేసిన్ అంటారు. దీనిలో విస్తారంగా ఉన్నది నార్జి సున్నపురాయి. కడప సీమలోని ఒక ఊరి పేరు దానికి పెట్టారు.

ఈ రాయి ఒకప్పటి లోతులేని సముద్రం అడుగు. 50 కోట్ల ఏళ్ళకు ఎంతో పూర్వం, నేటి భారతదేశపు ఆకారమే లేని కాలంలో, ఇక్కడ నీటిలో కరిగి ఉన్న సున్నం సన్నని బురదగా అడుగున పేరుకుంది. దానిపై ఒండ్రు, మళ్ళీ సున్నపు బురద. పొర మీద పొర నొక్కుకుపోయి రాయి అయింది. నాపరాయిని ఉలితో తట్టితే చక్కని పలకగా విడిపోవడానికి కారణం ఆ పొరలే. గవ్వలూ నత్తలూ ఇంకా పుట్టని రోజుల నాటి సముద్రం కాబట్టి ఈ రాళ్ళలో వాటి పెంకులు దొరకవు. పల్నాటి ఇంటి గచ్చు మీద నడిచేవారు, నాపరాళ్ళు నిలబెట్టిన దొడ్డిగోడ పక్కనుంచి పోయేవారు ఆ సముద్రపు అడుగును తాకుతూనే ఉన్నారు.

ఈ రాయిని మనిషి ఎన్ని విధాల వాడుకున్నాడో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సన్నని రేణువులతో ఉలికి లొంగే పల్నాటి సున్నపురాయి మీదే అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బౌద్ధ శిల్పాలు చెక్కారు. వాటిలో కొన్ని నేడు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అదే రాయిని 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 100 కిలోలకు 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బంకమన్నుతో కలిపి 1450 డిగ్రీల దగ్గర కాలిస్తే సిమెంటు క్లింకర్ అవుతుంది. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే.

నీరు కూడా ఈ రాయిని వాడుకుంటుంది. వానచినుకు గాలిలోనుంచీ మట్టిలోనుంచీ కార్బన్ డయాక్సైడ్ తీసుకుని పలచని ఆమ్లంగా మారుతుంది. పగుళ్ళలోకి దిగి సున్నపురాయిని కరిగిస్తుంది. పగులు సందు అవుతుంది, సందు గుహ అవుతుంది. పిడుగురాళ్ళ దగ్గరి గుత్తికొండ బిలం, కృష్ణ ఒడ్డున దైద బిలం ఇలాంటి సున్నపురాతి సీమలోనివే. గుత్తికొండ బిలం లోపల నీటిమడుగులు ఉన్నాయి. పైన ఎండిన నేల, అడుగున నీరు.

ఎదురుగాలి, రెంటచింతల ఎండ

గురజాల దాటాక రెంటచింతల. వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్తల్లో ఈ ఊరి పేరు వినపడుతూ ఉంటుంది. సముద్రపు గాలి ఇంత లోపలికి చల్లదనం మోసుకురాలేదు. మే నెలలో పడమటినుంచి వీచే గాలి ఎండిన దక్కను నేల మీదుగా వస్తుంది. పలచని మట్టి, పైకి తేలిన రాయి పగలంతా కాగుతాయి. ఆవిరి కావడానికి నేలలో తేమ లేనప్పుడు ఎండ శక్తి అంతా నేలనూ గాలినీ వేడి చేయడానికే పోతుంది.

ఆ పడమటి గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే, అంతే వేగంతో మాచర్ల వైపు సైకిల్ తొక్కేవారికి గాలి 36 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి నాలుగు రెట్లవుతుంది. అదనంగా వచ్చే 26 న్యూటన్లు మూడు శాతం మెరకతో సమానం. చదును రోడ్డు మీద, దూరం తరగని ఒక కొండ ఎక్కుతున్నట్టే లెక్క. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి వస్తే గాలి నిరోధం ఇంచుమించు సున్నా. అందుకే ఒంట్లో శక్తి ఉన్నప్పుడే గాలికి ఎదురుపోయి, అలసిన వేళకు గాలి వెంట తిరిగి రావాలి.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. కాళ్ళు 75 వాట్ల పని చేస్తుంటే ఒళ్ళు 250 వాట్ల వేడి పుట్టిస్తుంది. చర్మం 35 డిగ్రీల దగ్గర, గాలి 45 దగ్గర ఉన్నప్పుడు గాలి ఆ వేడిని తీసుకుపోకపోగా తన వేడిని ఒంటికి ఇస్తుంది. మిగిలిన మార్గం చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి పోతుంది. కండరాల వేడి ఒక్కదానికే గంటకు దాదాపు 375 మిల్లీలీటర్లు కావాలి, ఎండ వేడికి అదనం. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉంది కదా అని నీళ్ళు తాగకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ మంచి మందు. కాగిన తారు మీద ట్యూబులో గాలీ వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గర 50 పౌండ్లు కొట్టించిన గాలి 60 డిగ్రీలకు 56 పౌండ్లు దాటుతుంది. పాత పంక్చర్ ప్యాచీలు వేసవిలో ఊడటానికి వేడికి మెత్తబడే జిగురుతోపాటు ఈ ఒత్తిడీ కారణమే. ఈ దారికి నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం.

నీరు కోసిన గట్లు, నీటిని నడిపిన కాలువ

సముద్రపు కొండచరియల వంటి నిటారు గట్లు పల్నాటిలో కృష్ణ వెంట, దానిలో కలిసే వాగుల వెంట ఉన్నాయి. మాచర్ల పక్కగా పారే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల కిందికి దూకుతుంది. పొరలు అడ్డంగా పరుచుకున్న రాళ్ళలో నీరు దూకేచోట అడుగుభాగం త్వరగా అరుగుతుంది. ఆధారం పోయిన పై పొర విరిగిపడుతుంది. గట్టు నిటారుగానే ఉండి, జలపాతం తరతరాలుగా ఎగువకు జరుగుతుంది.

ఇంకొంచెం పడమరకు పోతే కృష్ణ రెండు కొండల మధ్య ఇరుకుగా పారే చోటు. అక్కడే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతికట్టడానికి గట్టి పునాది, ఇరుకు లోయ, వెనక విశాలమైన లోయ మూడూ దొరికాయి. ఆ విశాలమైన లోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అది మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్దయెత్తున తవ్వకాలు జరిపి, దొరికినవాటిని నాగార్జునకొండపైకి చేర్చారు. ఆ కొండే నేటి ద్వీపం.

1967 ఆగస్టు 4న కాలువల్లోకి నీరు వదిలారు. కుడికాలువ 203 కిలోమీటర్ల పొడవున పల్నాడు దాటి ప్రకాశం దాకా పోతుంది. సైకిల్ మీద దీని గట్టు వెంట పోయినవారికి ఒక సంగతి అర్థమవుతుంది: కాలువ ఎప్పుడూ దగ్గరిదారి వెతకదు. కొండ అడ్డొస్తే చుట్టూ తిరుగుతుంది. మోటారు లేకుండా 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టును చేరాలంటే ఉన్న ఎత్తును పొదుపుగా ఖర్చుపెట్టాలి. సాగర్ నిండుమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. ఆ నిధిని కాలువ కిలోమీటరుకు సెంటీమీటర్ల చొప్పున మాత్రమే వదులుకుంటుంది. ఎక్కువ వాలు ఇస్తే నీరు గట్లు కోస్తుంది, తక్కువ ఇస్తే ఒండ్రు పేరుకుంటుంది. పక్కనే కృష్ణ మాత్రం తన ఎత్తును త్వరగా ఖర్చుచేసుకుంటుంది. దిగువన పులిచింతల నిండుమట్టం 175 అడుగులే. ఏటి పక్కనే ఉన్న ఊళ్ళు తాగునీటికి ఇబ్బందిపడటం, ఏటికి దూరంగా ఉన్న నరసరావుపేట పొలాలకు నీరు పారడం ఈ ఎత్తుల లెక్కవల్లే.

నేటి తీరం

సాగర్ నుంచి తూర్పుకు మళ్ళి నరసరావుపేట చేరి, అక్కడినుంచి చిలకలూరిపేట మీదుగా బాపట్ల వైపు దిగితే నేల ఇంకా చదునవుతుంది. సూర్యలంక ఇసుకతీరం, నిజాంపట్నం దగ్గరి చిత్తడి, మడ అడవులు. ఇక్కడ సైకిల్ గట్టు దిగకూడదు. టైరులో గాలి ఒత్తిడి ఎంతో, దాదాపు అంతే ఒత్తిడితో టైరు నేలను నొక్కుతుంది. 50 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు. మనిషి పాదం నొక్కేదానికి అది అనేక రెట్లు. ఆటుపోట్ల బురద అంత మోయలేదు. ఆ బురదలో ప్రాణవాయువు దొరకదు కాబట్టే మడచెట్లు ఊపిరి కోసం వేళ్ళను పైకి నిలబెడతాయి.

ఈ బురద కృష్ణ తెచ్చిన ఒండ్రు. గుత్తికొండ వంటి చోట్ల కరిగిన సున్నం కూడా వాగుల వెంట, కృష్ణ వెంట ఇక్కడికే చేరుతుంది. ఆల్చిప్పలు, గవ్వలు దానితో పెంకులు కట్టుకుంటాయి. పాత సముద్రపు రాయి కరిగి కొత్త సముద్రానికి అందుతోంది. అయితే ఎగువన ఆనకట్టలు ఒండ్రును పట్టి ఉంచడంతో డెల్టాకు చేరే మట్టి బాగా తగ్గిపోయింది. తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. సాగర్ నీటితో పండిన పంటకూ ఈ కోతకూ మూలం ఒకే గోడ అని తెలుసుకుంటేనే రెండింటినీ కలిపి ఆలోచించగలం.

2022లో కొత్త జిల్లాగా ఏర్పడిన పల్నాటిలో ఎన్నో హైస్కూళ్ళు ఉన్నాయి. వాటికి సైకిల్ మీద వచ్చే పిల్లలు ఉన్నారు. ఇంటినుంచి బడిదాకా ఎక్కడ మెరకో, ఎక్కడ రాయి మారుతుందో, ఏ వాన ఎటు పారుతుందో వాళ్ళు ముందే ఎరుగుదురు. ఆ ఎరుకకు అంకెలు జోడించడమే మిగిలింది. ఒక గుడ్డపీలిక, ఒక నోటుపుస్తకం, పైన చెప్పిన దొర్లించే ప్రయోగం చాలు. ఒక తరగతి పిల్లలు తమ తమ దారుల వాలు కొలిచి ఒకే కాగితం మీద గీస్తే, ఊరికి వరద ఎటునుంచి వస్తుందో, కొత్త చెరువు ఎక్కడ తవ్వాలో చెప్పగల పటం తయారవుతుంది. భౌతికశాస్త్రం, భూగోళం, చరిత్ర మూడింటినీ ఆ పటం ఒకే పాఠంగా నేర్పుతుంది. పల్నాటి టీచర్లు ఈ ఏడాదే దీన్ని మొదలుపెట్టవచ్చు.